సగటు చెప్పని వాన, డ్యామ్ చెప్పని వరద

ఏటా ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి ఢిల్లీ నుంచి ఒక అంకె వెలువడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సాగే నైరుతి రుతుపవనాల కాలంలో దేశం మొత్తం మీద దీర్ఘకాలిక సగటుకు ఎంత శాతం వాన పడుతుందో భారత వాతావరణ విభాగం చెప్పే అంకె అది. 1971-2020 మధ్య లెక్కల ప్రకారం ఆ సగటు 87 సెంటీమీటర్లు. మే నెలాఖరులో అంకెను మరోసారి సరిచూసి చెబుతారు. షేర్ మార్కెట్ దాన్ని చదువుతుంది, రిజర్వు బ్యాంకు చదువుతుంది, విత్తన కంపెనీలు చదువుతాయి. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనే వ్యాపారి చదువుతాడు. ఎమ్మిగనూరు పక్క పల్లెలో వేరుశనగ విత్తనం కోసం అప్పు వెతుక్కునే రైతు కూడా ఆశగా వింటాడు. వీరందరిలో ఆ అంకెను నమ్ముకుని ఎక్కువ పోగొట్టుకోగలిగినవాడు రైతే. ఆ అంకె అతి తక్కువగా పనికొచ్చేదీ అతడికే.

పశ్చిమ కర్నూలుకు వానాకాలంలో రెండు భయాలు. ఒకటి వాన రాకపోవడం, రెండోది తుంగభద్ర పొంగి రావడం. మొదటిదాన్ని దేశ సగటు చూసి అంచనా వేస్తున్నాం. రెండోదాన్ని హోస్పేట డ్యామ్ గేట్లు చూసి అంచనా వేస్తున్నాం. గడిచిన రెండు దశాబ్దాల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ప్రాంతాన్ని దెబ్బతీసిన కరువు దేశ సగటులో కనిపించలేదు, ముంచిన వరద డ్యామ్ గేట్ల దగ్గర పుట్టలేదు. శాస్త్రం ఎదిగింది, ఉపగ్రహాలు పెరిగాయి, ఫోన్ ప్రతి చేతిలో ఉంది. అయినా సమాచారం ఎక్కడ అవసరమో అక్కడికి దిగిరావడం లేదు. లోపం అంచనా వేసే శక్తిలో కన్నా దాన్ని ఏ కొలతలో, ఎవరికోసం, ఎటువైపు చూస్తూ వేస్తున్నామన్న దానిలోనే ఎక్కువ.

కరువు నేలే కారణం

ఈ దేశంలో రుతుపవనాల అంచనా పుట్టడానికి కారణమైన ప్రాంతాల్లో ఆదోని ఒకటి. అప్పటికది మద్రాసు ప్రెసిడెన్సీలో, బళ్లారి జిల్లా తాలూకా. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి నుంచి విడివడి ఇటు వచ్చాయి. పెద్దవాళ్ల నోట ధాత కరువుగా నిలిచిపోయిన 1876-78 నాటి మహాక్షామంలో దక్షిణాదిన అన్నిటికన్నా ఎక్కువగా చితికిపోయిన జిల్లాల్లో బళ్లారి, కర్నూలు ఉన్నాయి. ఆ క్షామం తర్వాత 1880లో నివేదిక ఇచ్చిన కరువు కమిషన్, వానలను ముందుగా పసిగట్టే ఏర్పాటు ఉండాలని గట్టిగా కోరింది. 1875లో పుట్టిన వాతావరణ విభాగానికి తొలి అధిపతి అయిన హెన్రీ బ్లాన్‌ఫర్డ్, హిమాలయాల మీది మంచును ఆధారం చేసుకుని 1886లో తొలి దీర్ఘకాలిక అంచనా విడుదల చేశాడు. 1904 నుంచి 1924 దాకా ఆ విభాగాన్ని నడిపిన గిల్బర్ట్ వాకర్, భారత రుతుపవనాల రహస్యం కోసం ప్రపంచమంతటి పీడన లెక్కలు తిరగేసి, పసిఫిక్ సముద్రం మీద గాలి పీడనం అటూ ఇటూ ఊగే తీరును గుర్తించాడు. నేడు ఎల్‌నినో అన్న పేరు వినగానే ధరల గురించి భయపడే ప్రపంచం వాకర్‌కు రుణపడి ఉంది.

అంటే అంచనా పుట్టింది కరువు వచ్చాక లెక్క రాసుకోవడానికి కాదు, రాకముందే పాలకులు మేలుకోవడానికి. నూట నలభై ఏళ్ల తర్వాత దాని గురి ఎంత మెరుగుపడిందో చూడడం న్యాయం. 2002లో దేశంలో 101 శాతం వాన పడుతుందని చెబితే 81 శాతమే పడింది. ఒక్క జూలైలోనే రావాల్సిన దానిలో సగం రాలేదు. ఆ దెబ్బతో అప్పటిదాకా వాడిన 16 అంశాల గణాంక నమూనాను పక్కన పెట్టారు. 2021 నుంచి ప్రపంచంలోని పలు వాతావరణ కేంద్రాల నమూనాలను కలిపి అంచనా కడుతున్నారు. 2023లో 96 శాతం చెప్పారు, 94 పడింది. 2024లో 106 చెప్పారు, 108 పడింది. 2025 ఏప్రిల్‌లో 105 చెప్పారు, 108 పడింది. నాలుగైదు శాతం అటూ ఇటూ కావచ్చని విభాగమే ముందుగా చెబుతుంది కనుక మూడేళ్లూ అంచనా ఫలించినట్టే లెక్క. ఆ శాస్త్రవేత్తలను మెచ్చుకోవాల్సిందే.

అంచనా గెలిచింది, పంట ఓడింది

ఇప్పుడు అదే 2023ను ఆదోని వైపు నుంచి చూద్దాం. దేశ సగటు గురి తప్పని ఆ ఏడాదిలో ఆగస్టు నెల, 1901 నుంచి లెక్కలు కట్టిన కాలంలో ఎన్నడూ లేనంత పొడిగా గడిచింది. జూలైలో తడిసిన నేల ఆగస్టులో నెర్రెలిచ్చింది. ఆ అక్టోబర్ చివర రాష్ట్ర ప్రభుత్వం 7 జిల్లాల్లో 103 కరువు మండలాలను ప్రకటించింది. అందులో ఒక్క కర్నూలు జిల్లావే 24. అంటే దాదాపు జిల్లా మొత్తం. అంచనాకు, అసలుకు తేడా రెండు శాతమే అయిన సంవత్సరంలోనే ఈ పల్లెలు మళ్లీ సుగ్గికి కదిలాయి. ఇళ్లకు తాళాలు వేసి, పిల్లలను బడి మాన్పించి, గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు కూలికి పోవడానికి ఇక్కడి మాట సుగ్గి. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం మండలాల్లో పంట పోయిన ఏడాదిని జనం వాన కొలతతో కన్నా సుగ్గికి కదిలిన ఆటోల సంఖ్యతోనే ఎక్కువగా గుర్తుపెట్టుకుంటారు.

ఇందులో వింత లేదు. దేశ సగటు అంటే చిరపుంజి నుంచి జైసల్మేర్ దాకా పడిన వానను ఒకే పాత్రలో పోసి కొలవడం. పడమటి కనుమల అవతలి వాలు, అడవుల నడుమ ఉన్న ఆగుంబె, ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్ల వాన చూస్తుంది. ఆ కనుమలు మబ్బులను పిండుకున్నాక మిగిలిన తడి కోసం ఎదురుచూసే నేల ఆదోని. ఏడాదంతా కలిపినా ఇక్కడ పడేది ఆరు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతాన్ని అల్ప వర్షపాత మండలంగా వర్గీకరించింది అందుకే. పైగా ఇక్కడి వాన జూలైలో కన్నా సెప్టెంబర్‌లో ఎక్కువ. దేశమంతటా కుండపోతగా కురిసే నెలల్లో ఈ నేలకు జల్లులే. దేశంలో రుతుపవనాలు తిరోగమించే వేళ ఇక్కడ అసలు వాన మొదలవుతుంది.

కాబట్టి జూన్‌లో రైతు అడిగే ప్రశ్న ఈ ఏడు ఎంత శాతం అన్నది కాదు. తొలకరికి నేల పదునైంది, ఇప్పుడు గొర్రు కట్టవచ్చా? కట్టాక ఎన్నాళ్లు ఎండ కాస్తుంది? పత్తి విత్తాలంటే తేలిక నేలల్లో 50 నుంచి 60, నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి భూమి లోతుగా తడవాలని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా చెబుతూనే ఉంది. కానీ మృగశిర కార్తెలో ఒక మంచి వాన పడితే ఆగే గుండె ఎవరికుంది? పక్క చేను విత్తితే మనమూ విత్తాలి, అదును పోతే మళ్లీ రాదు. మూడు వారాలు చినుకు లేకపోతే మొలక మాడుతుంది. రెండోసారి విత్తనం, రెండో అప్పు. ఈ ప్రాంతపు రైతు నష్టంలో పెద్ద వాటా వాన మొత్తం తగ్గడం వల్ల రాదు, విత్తిన తర్వాతి మూడు వారాల గురించి తెలియకపోవడం వల్ల వస్తుంది.

ఆ మూడు వారాల గురించి చెప్పగల శాస్త్రం లేదా అంటే, ఉంది. వాతావరణ విభాగం ప్రతి గురువారం రాబోయే నాలుగు వారాల వాన తీరుపై అంచనా విడుదల చేస్తుంది. మొదటి రెండు వారాలకు దాని విలువ గట్టిదే. 2025 మేలో పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ ఆరు కిలోమీటర్ల గడుల్లో దేశాన్ని చూడగలుగుతోంది. అదే ఏడాది కృత్రిమ మేధ నమూనాలతో తయారైన రుతుపవనాల రాక అంచనాను కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతుల ఫోన్లకు పంపింది. ముందే వచ్చిన రుతుపవనాలు మధ్యలో ఆగిపోతాయని ఆ నమూనాలు ముందుగానే పట్టుకున్నాయి.

ఇలాంటి సమాచారం చేతికందితే రైతు ఏం చేస్తాడో నదికి ఆవలి తెలంగాణే చూపించింది. 2022 వానాకాలంలో షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తల బృందం అక్కడి 250 గ్రామాల్లో రుతుపవనాల రాకపై నెల ముందు అంచనా ఇచ్చి చూసింది. తాము అనుకున్నదానికన్నా వాన ఆలస్యమని తెలిసినవారు సాగు విస్తీర్ణాన్ని ఐదో వంతుకు పైగా తగ్గించుకున్నారు. ముందే వస్తుందని తెలిసినవారు పెట్టుబడి పెంచారు. నమ్మదగిన అంచనా రైతుకు సాహసాన్నీ ఇస్తుంది, సంయమనాన్నీ ఇస్తుంది.

ఇంత ఉండగా, మన వ్యవస్థ ఎటు నడిచింది? కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా స్థాయి వ్యవసాయ వాతావరణ విభాగాలను నెలకొల్పి, మండల స్థాయి సలహాలు ఇవ్వడం మొదలుపెట్టిన ఏర్పాటును 2024లో కేంద్రం ఎత్తివేసింది. దేశవ్యాప్తంగా 199 విభాగాలు మూతపడ్డాయి. ఢిల్లీలో నమూనా పదునెక్కుతున్న కాలంలోనే దాన్ని ఊరి నేలకు, ఊరి పంటకు అన్వయించి చెప్పే మనిషిని తీసేశాం. ఆరు కిలోమీటర్ల గడిలో వచ్చిన అంచనా ‘నల్లరేగడిలో ఈ వారం పత్తి విత్తకండి, కొర్ర విత్తండి’ అన్న మాటగా మారాలంటే మధ్యలో ఆ నేలను ఎరిగిన మనిషి ఉండాలి. ఎమ్మిగనూరు మండలం బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. గ్రామాల్లో రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) ప్రతి జిల్లాకూ ప్రత్యామ్నాయ పంటల ప్రణాళిక రాసి పెట్టింది. వీటిని కలిపే దారం మాత్రం తెగిపోయింది.

2009: హస్త కార్తెలో ఏం జరిగింది

ఇప్పుడు రెండో భయం. 2009లో వాతావరణ విభాగం ఏప్రిల్‌లో 96 శాతం వాన అంది. జూన్‌లో 93కు తగ్గించింది. చివరికి పడింది 78 శాతం. 1972 తర్వాత దేశం చూసిన పెద్ద లోటు అది. ఎల్‌నినో ఏడాది. రాయలసీమ ఆగస్టు దాకా ఆకాశం చూసింది. ఆ ఏడాది దస్త్రాలన్నీ కరువు గురించే.

సెప్టెంబర్ ఆఖరున బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది. రుతుపవనాల కాలం అధికారికంగా ముగిసే రోజుల్లో, హస్త కార్తెలో, ఉత్తర కర్ణాటకలోని బాగలకోటె, బిజాపుర, రాయచూరు, బళ్లారి మీద, ఇటు మహబూబ్‌నగర్, కర్నూలు మీద ఎడతెరపి లేకుండా కురిసింది. కర్ణాటకలోనే రెండు వందల మందికి పైగా చనిపోయారు. అక్టోబర్ 2న మంత్రాలయం మునిగింది. రాఘవేంద్రస్వామి మఠం ప్రాంగణంలోకి తుంగభద్ర వచ్చింది, భక్తులు చిక్కుకుపోయారు. అక్కడ కేంద్ర జల సంఘం కొలమానం ప్రకారం నది 310 మీటర్లకు చేరితే హెచ్చరిక, 312కు చేరితే ప్రమాదం. ఆ రోజు నీరు ప్రమాద స్థాయిని ఆరు మీటర్లకు పైగా దాటి నిలిచింది. అంటే రెండంతస్తుల ఎత్తు. దిగువన సుంకేసుల బ్యారేజీ కట్ట తెగింది. కర్నూలు దగ్గర హంద్రీ కూడా పొంగి తుంగభద్రతో కలిసి నగరాన్ని ముంచింది. 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా రూపొందించిన శ్రీశైలానికి 25 లక్షలకు పైగా వచ్చి, 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి నీరు 896 అడుగులకు ఎగబాకింది.

ఈ ఒక్క ఏడాది మనకు చెప్పాల్సిందంతా చెప్పింది. కాలం మొత్తానికి వేసే అంచనా నూటికి నూరుపాళ్లు నిజమైనా, ‘ఈ ఏడు కరువు’ అని ముందే తెలిసినా, ఈ వరద గురించి అది ఒక్క ముక్క చెప్పలేదు. నాలుగు నెలల సగటుకు, నాలుగు రోజుల కుంభవృష్టికి సంబంధం లేదు. ఇది 2009 ఒక్కదాని కథ కాదు. 2015లోనూ ఎల్‌నినో వల్ల దేశంలో 86 శాతమే వాన పడింది, ఆ నవంబర్, డిసెంబర్‌లలో చెన్నై, నెల్లూరు, చిత్తూరు నీట మునిగాయి. ఎల్‌నినో ఏళ్లలో నైరుతి నీరసించి, ఆ తర్వాత వచ్చే ఈశాన్య రుతుపవనాలు దక్షిణాదిలో విజృంభించే మొగ్గు శాస్త్రవేత్తలకు కొత్త కాదు. కరువు ఏడాది అని తేల్చుకుని సెప్టెంబర్‌లో వరద కాపలాను సడలించడం అన్నిటికన్నా ప్రమాదం.

డ్యామ్‌కు దిగువన అరవై శాతం

2009 వరద ఎక్కడ పుట్టిందన్నది ఇంకా ముఖ్యం. తుంగభద్ర అనగానే మన కళ్లు హోస్పేట వైపు తిరుగుతాయి. 33 గేట్లు, 1633 అడుగుల పూర్తి మట్టం. కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టిన జలాశయం పూడిక వల్ల ఇప్పుడు 105.788 టీఎంసీలకు కుంచించుకుపోయింది. ఎగువన, పడమటి కనుమల్లోని మలెనాడులో వాన పడితే డ్యామ్ నిండుతుంది, గేట్లు ఎత్తుతారు, కింద నది పొంగుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో ఏటా చూసే వరద ఇదే. దీనికి కాపలా వ్యవస్థ బాగానే ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయినప్పుడు అది రుజువైంది. గంటల్లో కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాలకు హెచ్చరికలు అందాయి. నీరు దిగివచ్చే వ్యవధి చేతిలో ఉంది, విడుదల ఎంతో తెలుసు. వారం తిరగకుండా గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు మార్గదర్శకత్వంలో స్టాప్‌లాగ్‌లు దించి ఆయకట్టు నీటినీ కాపాడుకున్నారు.

కానీ తుంగభద్ర పరివాహక ప్రాంతం మొత్తం 71,417 చదరపు కిలోమీటర్లు. అందులో డ్యామ్‌కు ఎగువన ఉన్నది 28 వేల చిల్లర మాత్రమే. మిగిలిన అరవై శాతం డ్యామ్‌ను తప్పించుకుని, దిగువన వచ్చి కలిసే నీటిది. అందులో పెద్ద వాటా వేదవతిది, మనం హగరి అని పిలుచుకునే ఏరుది. చిక్కమగళూరు కొండల్లో పుట్టి, చిత్రదుర్గ, అనంతపురం, బళ్లారి జిల్లాలు దాటి, మన హాలహర్వి మండలాన్ని తాకుతూ సిరుగుప్ప దగ్గర తుంగభద్రలో కలుస్తుంది. దాని పరివాహకమే 23,590 చదరపు కిలోమీటర్లు. ఏళ్ల తరబడి ఇసుక తప్ప నీరు కనిపించని ఏరు కనుక ఎవరూ దాన్ని వరద నదిగా చూడరు. 2022 సెప్టెంబర్‌లో దాని మీది వాణీవిలాస సాగర్ 1933 తర్వాత మొదటిసారి, అంటే 89 ఏళ్లకు, నిండి పొర్లింది. ఎండిన ఏరు నిద్రపోతున్నట్టే కానీ చచ్చినట్టు కాదని అది చెప్పింది.

2009 అక్టోబర్ వరద ప్రధానంగా ఈ దిగువ భాగపు వరద. డ్యామ్‌కు దిగువన, జూరాలకు దిగువన ఉన్న మధ్య పరివాహకంలో, రాయచూరు, బళ్లారి వంకల్లో, ఆదోని డివిజన్ వాగుల్లో, హంద్రీలో కురిసిన వాన అది. ఇక్కడ గేటు లేదు, ఆపరేటర్ లేడు, ‘ఇన్ని క్యూసెక్కులు వదులుతున్నాం’ అని ఫోన్ చేసే ఇంజినీర్ లేడు. మలెనాడు నీరు మంత్రాలయం చేరడానికి రోజుకు పైగా పడితే, ఈ వంకల నీరు గంటల్లో వస్తుంది. మన వరద కాపలా అంతా నీళ్లు నెమ్మదిగా వచ్చే వైపు నిలబడి ఉంది. వేగంగా వచ్చే వైపు ఎవరూ లేరు.

ఆ వైపు చూడడానికి కావాల్సిన కన్నే మసక. ఆదోనికి హైదరాబాద్ డాప్లర్ రాడార్ రెండు వందల కిలోమీటర్లకు మించిన దూరం. భూమి వంపు వల్ల ఆ దూరానికి రాడార్ కిరణం నేలకు నాలుగైదు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. ఆ ఎత్తుకు కింద కమ్ముకుని కురిసే మేఘాల బలాన్ని అది సరిగా పట్టలేదు. వేదవతి మీద బళ్లారి జిల్లా టి.రామాపురం దగ్గర కేంద్ర జల సంఘం నీటి మట్టం కొలుస్తుంది, ఇది మేలే. అయితే ఏటిలో మట్టం పెరిగిందని తెలిసేసరికి సగం సమయం పోతుంది. వాన పడుతుండగానే, ఎక్కడ ఎంత పడిందో గంట గంటకూ తెలిస్తేనే మంత్రాలయానికి పది పన్నెండు గంటల వ్యవధి దొరుకుతుంది. ఆ వాన సగానికి పైగా కర్ణాటకలో పడుతుంది. మన రాష్ట్ర ఆటోమేటిక్ వర్షమాపకాలు హాలహర్వి, హొళగుంద సరిహద్దు దగ్గరే ఆగిపోతాయి. ఆవల కర్ణాటక కొలతలు ఆ రాష్ట్రం దగ్గర ఉంటాయి. వాన సరిహద్దు దాటి వస్తుంది, లెక్క మాత్రం దాటదు.

ఒక ఎకరానికి మూడు వానలు

కౌతాళం మండలంలో తుంగభద్ర దిగువ కాలువ (ఎల్లెల్సీ) కింద నది దగ్గర పొలం ఉన్న రైతును ఊహించుకుంటే అతడి జీవితాన్ని మూడు వేర్వేరు వానలు శాసిస్తున్నాయి. తన చేలో పడే వాన అతడి విత్తనాన్ని నిలబెడుతుంది. వందల కిలోమీటర్ల అవతల మలెనాడులో పడే వాన అతడి కాలువకు నీరిస్తుంది. ఆ కాలువ మొదట చాలా దూరం కర్ణాటకలో పారి, మనకు మిగిలిందే ఇటు వస్తుంది. డ్యామ్‌కు దిగువన, హగరి ఒడ్డున పడే వాన అతడి పంటను ముంచుతుంది. మొదటిది తక్కువై, రెండోది ఎక్కువై, మూడోది ఆఖరున విరుచుకుపడితే, ఒకే ఏడాదిలో అతడు కరువు రైతూ, ఆయకట్టు రైతూ, వరద బాధితుడూ కావచ్చు. దేశానికి ఒకే అంకె చాలుతుందేమో, ఈ ఎకరానికి మూడు సమాధానాలు కావాలి.

మొదటి సమాధానానికి కొత్త ఉపగ్రహం అక్కర్లేదు. గురువారం నాటి అంచనాను శుక్రవారానికల్లా మండలాలవారీగా, నేలలవారీగా, తెలుగులో, ఒక సూటి సలహాగా మార్చే బాధ్యతను బనవాసి కేంద్రం వంటి చోట స్థిరమైన సిబ్బందికి అప్పగించాలి. రైతు సేవా కేంద్రంలో ఆ కాగితం అతికించాలి, వాట్సాప్‌లోనూ రావాలి. చదవలేనివారికి వాయిస్ సందేశం కావాలి. ప్రత్యామ్నాయ విత్తనం కరువు ప్రకటించాక వస్తే పంచడానికే పనికొస్తుంది, విత్తడానికి కాదు. మూడు వారాలు వాన లేదని అంచనా వచ్చినప్పుడే కొర్ర, జొన్న, కంది విత్తనాలు మండలానికి చేరేలా నిధిని ముందే కేటాయించాలి. ఏడాది చివర ఆ అంచనాలు మండలంలో ఎన్ని నిజమయ్యాయో ప్రజల ముందు పెట్టాలి. తప్పులు దాచుకునే అంచనాను రైతు నమ్మడు. పంచాంగంతో పోటీపడే శాస్త్రానికి ఆ పారదర్శకతే బలం.

రెండో సమాధానం కాలువ గురించి. జలాశయంలో ఎన్ని టీఎంసీలు ఉన్నాయన్నది రోజూ పత్రికల్లో వస్తుంది. రైతుకు కావాల్సింది అది కాదు, రెండో పంటకు నీరు ఉందా లేదా అన్న మాట. ప్రవాహాల అంచనాను బట్టి సెప్టెంబర్ ఆరంభానికే సంభావ్యతతో సహా ఆ మాట చెప్పడం సాధ్యమే. గేట్ల పటుత్వంపై అనుమానంతో 2025లో నిల్వను 80 టీఎంసీల దగ్గర ఆపాల్సి వచ్చింది. ఇలాంటి నిర్ణయాల భారం ఆయకట్టు చివరన ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు పొలాల మీదే ముందుగా పడుతుంది. అందుకే చివరి భూముల రైతుకే ముందుగా తెలియాలి.

మూడోది వరద. సిరుగుప్ప నుంచి మంత్రాలయం దాకా, హగరి పొడవునా గంటగంటకు కొలత పంపే వర్షమాపకాలు, నీటిమట్ట సూచికలు కావాలి. రాయచూరు-ఆదోని-బళ్లారి ప్రాంతాన్ని దగ్గరగా చూసే రాడార్ కావాలి. 2024 సెప్టెంబర్‌లో రెండు వేల కోట్ల రూపాయలతో కేంద్రం ఆమోదించిన ‘మిషన్ మౌసమ్’ ఇలాంటి ఖాళీలు పూడ్చడానికే. ఆ జాబితాలో ఈ ప్రాంతం ఉండేలా మన ప్రజాప్రతినిధులు అడగాలి.

కొలత ఉన్నంత మాత్రాన చాలదు. ‘మంత్రాలయం దగ్గర 311 మీటర్లు’ అంటే నది ఒడ్డు ఊళ్లో ఎంతమందికి ఏం అర్థమవుతుంది? ఎన్ని మీటర్లకు ఏ వీధి, ఏ బడి, ఏ దారి మునుగుతుందో 2009 గుర్తులను బట్టి ఊరూరా గోడల మీద గీసి పెట్టాలి. రాత్రి రెండు గంటలకు ఫోన్ సందేశం ఒక్కటే చాలదు. మైకు, దండోరా, మఠంలో భక్తులను కదిలించే బాధ్యుడు, పశువులను తోలే చోటు ముందే తేల్చుకోవాలి. బంగ్లాదేశ్ 2007, 2008 వరదల్లో పది రోజుల ముందు అంచనాను గ్రామాలకు చేరవేసింది. రైతులు పంట ముందుగా కోసుకున్నారు, పశువులను గట్టు ఎక్కించారు. అప్పటికి మన కన్నా పేద దేశం, మన కన్నా పెద్ద నదులు. అక్కడ పనిచేసింది చివరి మైలు దాకా వేసిన దారి. ఏటా సెప్టెంబర్‌లో, వాన ఎంత లోటున్నా సరే, నదీ తీర మండలాల్లో ఒకసారి తాలీము చేయడం అలవాటు కావాలి.

ఎవరి బాధ్యత?

వీటిలో ఏదీ ఖరీదైన పని కాదు. 2009 ఒక్క వరద తర్వాత ఇళ్లు, పంటలు, రోడ్లు, కాలువల కోసం పెట్టిన ఖర్చుతో పోలిస్తే వర్షమాపకాల, సిబ్బంది ఖర్చు చిన్నది. అడ్డం డబ్బు కన్నా యాజమాన్యమే. 1953లో ఏర్పడిన తుంగభద్ర బోర్డుకు డ్యామ్ మీద, కాలువల మీద అధికారం ఉంది. డ్యామ్‌కు దిగువన నది మీద లేదు. కేంద్ర జల సంఘం మట్టం కొలిచి అంచనా ఇస్తుంది, ఊరిని ఖాళీ చేయించలేదు. వాతావరణ విభాగం వాన చెబుతుంది, నీరు ఎక్కడికి చేరుతుందో చెప్పడం తన పని కాదంటుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ హెచ్చరిస్తుంది, సరిహద్దు అవతలి కొలతలు దానికి సూటిగా అందవు. ఇందరు పనిచేస్తున్నా, తుంగభద్ర పరివాహకంలో అరవై శాతానికి పూచీదారు లేడు.

ఆ పూచీదారును నియమించడానికి కొత్త చట్టం రావాల్సిన పని లేదు. బోర్డులో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముగ్గురూ కూర్చుంటారు. టీఎంసీల వాటాల గురించి వాదించుకోవడానికి ఏటా కలుస్తున్నవారే, వాన కొలతలను గంటగంటకు పంచుకోవడానికి ఒక ఒప్పందం రాసుకోవచ్చు. నీళ్ల పంపకంలో ఒకరి లాభం ఇంకొకరి నష్టం కావచ్చు. హెచ్చరిక పంపకంలో ఎవరికీ నష్టం లేదు. సిరుగుప్పను కాపాడే సమాచారమే మంత్రాలయాన్ని, రాజోలిబండను, కర్నూలును కాపాడుతుంది. బోర్డు తదుపరి సమావేశపు అజెండాలో మన ప్రభుత్వం పెట్టాల్సిన మొదటి అంశం ఇదే. పెట్టారా లేదా అని ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, ఆలూరు శాసనసభ్యులను అడగడం ఇక్కడి ఓటర్ల పని. వచ్చే హస్త కార్తె లోపే అడగాలి.